ముళ్లు తీసిన డాక్టరు

మా అమ్మమ్మ కాళ్లకి మోకాళ్ల కింద నల్లటి మచ్చలుండేవి. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆమె పక్కన పడుకుని వాటిని వేలితో లెక్కపెట్టేదాన్ని, ఏ రోజూ లెక్క కుదిరేది కాదు. అవి తుమ్మముళ్ల గుర్తులు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు నాగాయలంక దగ్గర వాళ్ల ఊళ్లో ఇల్లు కొట్టుకుపోతే, అమ్మమ్మ ఒక తుమ్మచెట్టుని కరిచి పట్టుకుని రాత్రంతా నీళ్లలోనే ఉండిపోయింది. చంకలో ఆరేళ్ల మా చిన్న పిన్ని ఉంది. తెల్లారేసరికి లేదు. అధికార లెక్కల్లో చనిపోయినవాళ్లు పదివేల దాకా, ఊళ్లలో వాళ్లని అడిగితే అంతకంటే ఎక్కువే అంటారు. మా పిన్ని ఏ లెక్కలో ఉందో, అసలు ఉందో లేదో మాకు తెలియదు, ఎందుకంటే శవం దొరకలేదు.

నాలుగో రోజున ఒక డాక్టరు వచ్చాడట. రేకు పెట్టె పక్కన పెట్టుకుని, గట్టు మీద బురదలోనే కూర్చుని, అమ్మమ్మ కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క ముల్లూ తీశాడట. చీము పట్టిన చోట కడిగి కట్టు కట్టి, మర్నాడు మళ్లీ వచ్చి కట్టు మార్చి వెళ్లాడు. "పేరడగలేదే అమ్మాయ్, ఏ ఊరో కూడా అడగలేదు, అడిగే ఓపిక నాకెక్కడిది" అనేది. ఆ తర్వాత ఆమె బతికిన ముప్ఫై ఏళ్లూ రాత్రి ప్రార్థనలో పిల్లల పేర్లు, మనవల పేర్లు అన్నీ అయ్యాక చివర్న ఒక మాట ఉండేది: ముళ్లు తీసిన ఆ బాబుని చల్లగా చూడు ప్రభువా.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేను పనిచేసే మిషన్ ఆసుపత్రికి వచ్చే మెడికోలు, హౌస్ సర్జన్లు, మా సంఘంలో నర్సింగ్ చదివే పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతారు. "అక్కా, విపత్తులప్పుడు వెళ్లి సేవ చెయ్యాలని నాకూ పిలుపు ఉందనిపిస్తోంది, అది దేవుడి పిలుపేనని ఎలా తెలుస్తుంది?" అని. సాక్ష్యం చెప్పమని పిలిచినప్పుడు ఐదు నిమిషాల్లో దీనికి సరైన జవాబు చెప్పలేకపోయాను. కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నాకు పిలుపు వచ్చిందని నేను అనుకున్న మొదటి సందర్భం 2004 డిసెంబరు. హౌస్ సర్జన్సీ అయిపోయి ఇంట్లో పీజీకి చదువుకుంటున్నాను. 26వ తేదీ ఆదివారం, క్రిస్మస్ మర్నాడు, మేమంతా గుడిలో ఉన్నప్పుడు సునామీ వార్త వచ్చింది. మన తీరంలోనూ వందమందికి పైగా పోయారు, తమిళనాడులో నాగపట్నం జిల్లాలోనే ఆరువేల మంది. టీవీలో ఆ ఒడ్డు చూస్తుంటే నాకు అమ్మమ్మ కాళ్లే కనిపించాయి. ఇక ఆగలేకపోయాను. ఎనిమిది మంది స్నేహితులం ఒక సుమో మాట్లాడుకుని, తెలిసిన డాక్టర్ల దగ్గర శాంపిల్ మందులు అట్టపెట్టెల నిండా పోగేసుకుని, దారంతా పాటలు పాడుకుంటూ, ప్రార్థన చేసుకుంటూ వెళ్లాం.

అక్కడ మేము ఎవరికీ పనికి రాలేదు. ఇంత సూటిగా రాయడం కష్టంగానే ఉంది, కానీ నిజం అదే. సునామీ చంపేవాళ్లని చంపేస్తుంది, బతికినవాళ్లలో పెద్ద గాయాలున్నవాళ్లు తక్కువ. అందులోనూ మేము వెళ్లేసరికి వాళ్లు ఆసుపత్రుల్లో చేరిపోయారు. మాకు తమిళం రాదు. ఎవరికి రిపోర్టు చెయ్యాలో తెలియదు. పడుకోవడానికి చోటు, తినడానికి అన్నం, తాగే నీళ్లు, అన్నీ అక్కడి ఊరివాళ్లే చూడాల్సి వచ్చింది. మా పెట్టెలు విప్పి చూస్తే దగ్గు మందులు, ఆకలి పుట్టించే టానిక్కులు, గడువు దాటిన మాత్రలు. అవన్నీ వేరు చెయ్యడానికి శిబిరంలో ఉన్న ఒక నర్సమ్మకి సగం రోజు పట్టింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మూడు రోజులుగా నిద్రలేని కళ్లతో కూర్చుని మా పెట్టెలు సర్దింది. ఆమె వేళ్లు కదలడం చూస్తూ నిలబడ్డాను. మేము తెచ్చింది ప్రేమేననడంలో సందేహం లేదు, కానీ ఆ పూట ఆమె చూడాల్సిన రోగుల సమయాన్ని ఆ ప్రేమ తినేసింది.

ఇంటికొచ్చాక చాలా రోజులు ప్రార్థన కూడా సరిగ్గా చేసుకోలేకపోయాను. పిలిచింది నువ్వేనా, నేనే ఊహించుకున్నానా అని అడుగుతూ ఉండేదాన్ని.

క్రైస్తవ మెడికోల కూటాల్లో, వెల్లూరు మిషన్ ఆసుపత్రిని మొదలుపెట్టిన ఐడా స్కడర్ గారి కథ వినని వాళ్లుండరు. మిషనరీల ఇంట పుట్టి, మిషనరీ కానే కానని అమెరికా వెళ్లిపోవాలనుకున్న అమ్మాయి. ఒక రాత్రి తిండివనంలో ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మా భార్య నొప్పులు పడుతోంది, మగ డాక్టరు చూడకూడదు, నువ్వు రామ్మా అని బతిమాలుకున్నారు. ఆమె డాక్టరు కాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఈ కథని మనం ఆ మూడు తలుపు చప్పుళ్ల దగ్గర ఆపేసి కళ్లు తుడుచుకుంటాం. నేను సునామీ నుంచి తిరిగొచ్చాక దాని తర్వాతి భాగం గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆమె ఏం చేసింది? వెళ్లి చదువుకుంది. కార్నెల్‌లో 1899లో డాక్టరీ పట్టా తీసుకుని, 1900లో తిరిగొచ్చింది. అంటే పిలుపు విన్న రాత్రికీ మొదటి రోగిని చూసిన రోజుకీ మధ్య ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లు కూడా పిలుపులో భాగమే అని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మంచి సమరయుడి కథ కూడా అప్పుడే మళ్లీ కొత్తగా చదివినట్టు అనిపించింది. దారిలో కొట్టి పడేసిన మనిషి గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడని ఉంటుంది. అవి అతని దగ్గర ముందే ఉన్నాయి కదా, అప్పటికప్పుడు పరిగెత్తి తెచ్చుకోలేదు. తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్లవాడి ఇంటికి చేర్చాడు, ఆ రాత్రి చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలిచ్చి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ప్రథమ చికిత్స, తరలించడం, మరొకరికి అప్పగించడం, డబ్బు, మళ్లీ వచ్చి చూడటం, అన్నీ ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. మేము నాగపట్నం వెళ్లినప్పుడు వీటిలో మా దగ్గర ఒక్కటీ లేదు.

తర్వాత పదేళ్లు నేను ఎక్కడికీ వెళ్లలేదు. ఎండీ చేశాను, ఎమర్జెన్సీలో చేరాను, పెళ్లయింది, బాబు పుట్టాడు. శిక్షణలకి వెళ్లేదాన్ని. వైద్యం నేర్చుకోవడం వేరు, విపత్తు వైద్యం నేర్చుకోవడం వేరు అని అక్కడే తెలిసింది. శిబిరంలో మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలనే లెక్క డాక్టర్లు కంఠతా పట్టాల్సిన విషయమని నాకు అంతకుముందు తట్టలేదు. మరుగుదొడ్డి దూరంగా, చీకట్లో ఉంటే ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, మూడో రోజుకి మూత్రంలో మంటతో నా దగ్గరికొస్తారు. అక్కడ నేను రాసే యాంటీబయాటిక్ కంటే ఒక లైటు, తలుపుకి ఒక గొళ్లెం మేలు చేస్తాయి.

దిలీప్ మహలనబీస్ అనే బెంగాలీ డాక్టరు గారి గురించి చదివిందీ ఆ రోజుల్లోనే. 1971లో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో, బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా విరుచుకుపడింది. ఎక్కించడానికి సెలైన్ అయిపోయింది. ఆయన గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువులకే గ్లాసులిచ్చి తాగించమన్నారు. నూటికి ముప్ఫై మంది దాకా చనిపోతున్న చోట నలుగురి లోపుకి వచ్చింది. ఆయన మన విశ్వాసి కాదు. అయినా సేవ అనే మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చే మొదటి బొమ్మల్లో ఆ డ్రమ్ములు ఉంటాయి, అందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.

మళ్లీ వెళ్లింది 2015లో నేపాల్‌కి. ఏప్రిల్ 25న భూకంపం, 7.8 తీవ్రత, దాదాపు తొమ్మిదివేల మంది పోయారు. అది శనివారం. నేపాల్‌లో శనివారం సెలవు, అక్కడి సంఘాలన్నీ ఆ రోజే ఆరాధనకి కూడుకుంటాయి. మధ్యాహ్నం పన్నెండు కాకముందే, ఆరాధన మధ్యలో, కప్పులు కూలిపోయి పాటలు పాడుతున్నవాళ్ల మీద పడ్డాయి. ఆ సంగతి విన్నప్పుడు పిలుపు గిలుపు అనే ఆలోచనే రాలేదు, చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఈసారి ఆసుపత్రి తరపున ఐదుగురం వెళ్లాం. ముందు ఖాట్మండులో ఆరోగ్యశాఖ దగ్గర పేర్లు నమోదు చేయించుకున్నాం, వాళ్లు సింధుపాల్‌చోక్ జిల్లా అంటే సింధుపాల్‌చోక్ వెళ్లాం. మా బియ్యం, మా పప్పు, మా స్టవ్వు, మా టెంట్లు, మా నీళ్ల ఫిల్టరు. రెండు వారాలు ఎవరి మీదా పడకుండా ఉండేలా. ఇంటి దగ్గర అవన్నీ తూకం వేసి మూటలు కట్టేటప్పుడు, నాగపట్నం నర్సమ్మకి ఒక ఉత్తరం రాస్తున్నట్టుగా ఉండింది నాకు.

మొదటి వారం చూసిన కేసుల్లో సగానికి పైగా భూకంపం గాయాలు కావు. బీపీ మాత్రలు శిథిలాల కింద ఉండిపోయిన ముసలివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, టార్పాలిన్ కింద పొగలో దగ్గుతున్న పిల్లలు. పది రోజుల నాటి విరిగిన చెయ్యి, పుచ్చిన గాయం మధ్యమధ్యలో వచ్చేవి. తర్వాత మే 12 మధ్యాహ్నం రెండో పెద్ద కుదుపు వచ్చింది, 7.3.

కొండ మీది ఇళ్ల నుంచి మనుషుల్ని వీపు బుట్టల్లో, డోకోల్లో, దింపుకొచ్చారు. ఎవరిని ముందు చూడాలో రంగు ట్యాగులు కట్టి రోగుల్ని వేరు చేసే బాధ్యత ఆ రోజు నాది. నడవగలిగితే ఆకుపచ్చ. ఊపిరి నిమిషానికి ముప్ఫై దాటితే, మణికట్టు దగ్గర నాడి అందకపోతే, చెప్పిన మాట అర్థంకాకపోతే ఎరుపు, అంటే అందరికంటే ముందు చూడాలి. మిగతావాళ్లు పసుపు. బతికే ఆశ లేనివాళ్లకి, ఉన్నవాటితో మనం కాపాడలేనివాళ్లకి నలుపు. ఒక్కొక్కరికి అర నిమిషం. ఇరవై ఏళ్లుండవు, ఒక అబ్బాయి, తలకి దెబ్బ, రెండు కనుపాపలూ పెద్దవై వెలుతురుకి కదలడం లేదు, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. హెలికాప్టరు రాదు, వెంటిలేటరు లేదు. నల్ల ట్యాగు కట్టి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లాను. వాళ్ల నాన్న నా చున్నీ పట్టుకున్నాడు. విడిపించుకుని వెళ్లాను.

తొంభై తొమ్మిది గొర్రెల్ని విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ వింటూ పెరిగినదాన్ని. నేను చేసింది దానికి సరిగ్గా తలకిందులు. ఒక్కణ్ణి విడిచి మిగతావాళ్ల దగ్గరికి వెళ్లాను. వైద్యం ప్రకారం అది తప్పు కాదని నాకు తెలుసు, అదే పని మళ్లీ చెయ్యాల్సి వచ్చినా అలాగే చేస్తాను. ఆ రాత్రి టెంటు బయట కూర్చుని ఈ రెండింటినీ కలపాలని ఎంత చూసినా కలవలేదు, ఇప్పటికీ కలవలేదు. కానీ మా ఫార్మసిస్టు తమ్ముడు ఒకతను, ఎవరూ చెప్పకుండానే, ఆ అబ్బాయి పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుని రెండు గంటలు కూర్చున్నాడు, ప్రాణం పోయేదాకా. ఆ నాన్న రెండో చెయ్యి పట్టుకున్నాడు. అప్పటి నుంచి మా టీమ్‌లో నల్ల ట్యాగు దగ్గర కూర్చునే మనిషి ఎవరో బయల్దేరేముందే నిర్ణయించుకుంటాం. దానికి డాక్టరు అక్కర్లేదు, లేచి వెళ్లిపోకుండా ఉండే మనిషి కావాలి.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి, సంఘంలో కొందరికి నచ్చకపోయినా సరే. మేము మందుతో పాటు వాక్యం పంచం. టార్పాలిన్ ఇచ్చి పక్కన కరపత్రం పెట్టం. సహాయాన్ని మతం కోసమో రాజకీయం కోసమో వాడకూడదని 1994లో రెడ్‌క్రాస్ వాళ్లూ ఇతర సంస్థలూ కలిసి రాసుకున్న నియమావళిలో ఉంది. కానీ మన దగ్గర అంతకంటే వందేళ్ల ముందే ఇది జరిగింది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పనీ కూలీ ఇచ్చారు. ఆ కరువు సాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట ఉండకూడదని. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనవాళ్లు ఆ అంకెనే ఇష్టంగా చెప్పుకుంటారు. నాకు దానికి ముందు ఆయన ఆగిన నెలలే గొప్పగా అనిపిస్తాయి.

2021 మే నెలలో ఎక్కడికీ వెళ్లే పనే లేకపోయింది, కోవిడ్ రూపంలో విపత్తు మా వార్డులోకే వచ్చింది. ఆక్సిజన్ ఎన్ని గంటలకి సరిపోతుందో రాత్రుళ్లు లెక్కపెట్టుకుంటూ, పక్కింటివాళ్లకీ సంఘంవాళ్లకీ మంచం లేదని చెప్తూ గడిపిన ఆ రోజుల గురించి ఇంకెప్పుడైనా రాస్తాను, ఇవాళ వద్దు.

తర్వాత 2024 సెప్టెంబరు 1. బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. అదే వానలకి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇది మా ఇంటి పక్కనే, మా భాషే, మా మనుషులే. ఎక్కడ కూర్చోవాలో వైద్యశాఖ వాళ్లు చెప్పారు, ట్రాక్టరు మీద వెళ్లి కూర్చున్నాం. మూడు రోజులు నీళ్లలో నాని వేళ్ల సందుల్లో చర్మం ఊడొచ్చిన కాళ్లు, కరెంటు లేక ఫ్రిజ్‌లో పాడైపోయిన ఇన్సులిన్, డయాలసిస్ తప్పిపోయి ఉబ్బిన ముఖాలు, ఇంట్లోకొచ్చిన పాములు. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో తిరిగినవాళ్లకి ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) రాకుండా వారానికోసారి వేసే డాక్సీసైక్లిన్ ఎందుకో చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఒక పెద్దావిడ, నుదుటిన ఇంత బొట్టు, మందు తీసుకుని లేవబోతూ నా మెడలో సిలువ చూసి, "డాక్టరమ్మా, నా కొడుకు మొన్న పాలకని వెళ్లి ఇంకా రాలేదు, మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పమ్మా" అంది. ఆమె అడిగింది కాబట్టి ఆమె చెయ్యి పట్టుకుని అక్కడే ప్రార్థన చేశాను. ఆ కొడుకు దొరికాడో లేదో నాకు తెలియదు, మర్నాడు మమ్మల్ని వేరే వీధికి పంపారు.

శవాల సంగతి. శవాల వల్ల అంటురోగాలు వస్తాయని భయపడి జనం తొందరగా పూడ్చేయమంటారు, తగలబెట్టేయమంటారు. భూకంపం, ఉప్పెన లాంటివాటిలో దెబ్బలతో, మునిగి చనిపోయినవాళ్ల శరీరాల వల్ల మామూలుగా అలాంటి ముప్పు ఉండదు. ఒక నంబరు, ఒక ఫోటో, బట్టల రంగు, ఒంటి మీది గుర్తు, ఎక్కడ దొరికింది, ఇంత రాసుకుని ఆ తర్వాత పూడ్చినా ఇంటివాళ్లకి ఒక దారి ఉంటుంది. శిక్షణలో ఈ భాగం ఎప్పుడూ నేనే చెప్తాను. మా పిన్ని ఆ రోజు ఆకుపచ్చ పువ్వుల గౌను వేసుకుంది. అమ్మమ్మ చనిపోయేదాకా ఆ గౌను గురించి చెప్పేది.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే నేను తిరిగి అడిగేవి ఇవి. నీ వార్డులో రాత్రి మూడింటికి వచ్చిన తాగుబోతుని ఎలా చూస్తున్నావు? పైవాళ్లు చెప్పిన చోట, నీకు నచ్చని పని, ఫోటో తీసేవాళ్లు లేనప్పుడు చెయ్యగలవా? ఇంట్లోవాళ్లతో మాట్లాడావా? మా ఆయన ఒప్పుకోకుండా, మా అత్తయ్య బాబుని చూసుకోకుండా నేను వెళ్లిన ప్రయాణం ఒక్కటి లేదు, పిలుపు నా ఒక్కదానికే వచ్చిందని నేనెలా చెప్పుకుంటాను? టీవీలో చూసి ఏడుపొచ్చిందంటే మంచిదే, నాకూ వస్తుంది. ఆ ఏడుపు ఆరు నెలల తర్వాత కూడా నీ చేత చదివిస్తుంటే, సూది దారం పట్టిస్తుంటే, వెళ్లి మాట్లాడుకుందాం.

నవంబరు వస్తోంది, మన తీరానికి భయం నెల. వచ్చే శనివారం పొద్దున్న తొమ్మిదింటికి మా గుడి ఆవరణలో రోగుల్ని వేరు చేసే అభ్యాసం పెట్టాం, యాభై మంది యూత్ పిల్లలు గాయపడ్డవాళ్లలా పడుకుంటారు. ఏ మతంవాళ్లయినా రావచ్చు, డాక్టర్లే కానక్కర్లేదు. బూట్లు వేసుకుని రండి, చెప్పులొద్దు. టార్చి, నీళ్ల సీసా, మీ భోజనం మీరే తెచ్చుకోండి. ఇంట్లో ముల్లు తీసే పట్టకారు ఉంటే అది కూడా.